‘డాసన్స్ క్రీక్’లో ఆ శనివారం ఎపిసోడ్ కాపీయా, నివాళా?

నమస్కారం. తర్వాత చదివేవారికి కూడా సందర్భం తెలియాలి కాబట్టి మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీరు మీ అమ్మాయితో కలిసి ‘డాసన్స్ క్రీక్’ అనే అమెరికన్ ధారావాహిక మొదటి సీజన్ చూస్తున్నారు. 1998 మార్చిలో ప్రసారమైన ‘డిటెన్షన్’ అనే ఎపిసోడ్‌లో ప్రధాన పాత్రలన్నీ ఒక శనివారం రోజంతా బడి లైబ్రరీలో శిక్ష అనుభవిస్తూ కూర్చుంటాయి. ఇది 1985లో వచ్చిన ‘ద బ్రేక్‌ఫస్ట్ క్లబ్’ సినిమాకు మక్కికి మక్కి అని మీతో ఒకరు, కాదు నివాళి అని మరొకరు అన్నారు. ఇందులో ఏది నిజం, ఆ సినిమా చూడకుండా ఈ ఎపిసోడ్ చూస్తే ఏమైనా పోగొట్టుకుంటామా అన్నవి మీ రెండు ప్రశ్నలు. పదిహేనేళ్ళకు పైగా ఇంగ్లిష్ ధారావాహికలకు తెలుగు ఉపశీర్షికలు రాస్తున్నాను. ఆ పని వల్ల ఇలాంటి ఎపిసోడ్లను ఒక్కో మాట దగ్గర ఆపి చూడటం అలవాటైంది. ఆ అనుభవంతో చెబుతున్నాను.

నా ఉద్దేశంలో అది నివాళే. అయితే సినిమాలోని గదినీ బల్లలనూ శిక్షనూ తెచ్చి పెట్టుకున్నందువల్ల దానికి ఆ పేరు దక్కదు, అంతమాత్రం ఎవరైనా చేయగలరు. సినిమా చివర్లో జవాబు లేకుండా వదిలేసిన ఒక ప్రశ్న ఉంది. ఆ ప్రశ్నను ఎత్తుకుని, సినిమాకు సాధ్యంకాని పద్ధతిలో, కేవలం ధారావాహికకు మాత్రమే సాధ్యమైన పద్ధతిలో దానికి జవాబు వెతికింది కాబట్టి దక్కుతుంది. అందుకని సినిమా సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

‘ద బ్రేక్‌ఫస్ట్ క్లబ్’ను జాన్ హ్యూస్ రాసి, దర్శకత్వం వహించారు. కథ 1984 మార్చి 24, శనివారం నాడు, ఇలినాయ్ రాష్ట్రంలో షెర్మర్ అనే కల్పిత ఊరి హైస్కూల్లో జరుగుతుంది. చిత్రీకరణ షికాగో శివార్లలోని డెస్ ప్లెయిన్స్‌లో, అప్పటికే మూతపడిన మెయిన్ నార్త్ హైస్కూల్లో జరిగింది. మనం చూసే ఆ రెండంతస్తుల లైబ్రరీ అసలు లైబ్రరీ కాదు, ఆ బడి జిమ్‌లో వేసిన సెట్టు. సుమారు 10 లక్షల డాలర్ల ఖర్చుతో తీసిన ఈ 97 నిమిషాల సినిమా 5 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అందులో ఉన్నది ఐదుగురు పిల్లలు, వాళ్ళకు కాపలాగా వెర్నన్ అనే వైస్ ప్రిన్సిపల్, ఊడ్చి తుడిచే కార్ల్, దాదాపు అంతే. కుస్తీ ఆటగాడు ఆండ్రూగా ఎమిలియో ఎస్టెవెజ్, చదువరి బ్రయన్‌గా ఆంథనీ మైకేల్ హాల్, పోకిరి బెండర్‌గా జడ్ నెల్సన్, సంపన్నుల బిడ్డ క్లేర్‌గా మాలీ రింగ్‌వాల్డ్, ఎవరితోనూ కలవని ఆలిసన్‌గా ఆలీ షీడీ నటించారు. ‘మీరు ఎవరని మీరు అనుకుంటున్నారు’ అనే విషయం మీద వెయ్యి పదాలకు తక్కువ కాకుండా వ్యాసం రాయమని వెర్నన్ వాళ్ళకు పని పెడతాడు. చివరికి అందరి తరఫునా బ్రయన్ ఒక్కడే రాస్తాడు.

అందులో నేను ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టనిది మధ్యాహ్న భోజనం. సంభాషణ చాలా తక్కువ, క్యారేజీలు విప్పడం మాత్రమే ఉంటుంది. క్లేర్ చిన్న బల్లలాంటిది వేసుకుని సుషీ తింటుంది. 1984 నాటి ఇలినాయ్ బడిలో పచ్చి చేప తినడమంటే మా నాన్న ఎంత సంపాదిస్తాడో తెలుసా అని చెప్పడమే. ఆండ్రూ సంచీలోంచి తీస్తూనే ఉంటాడు, ఆ తిండి ముగ్గురికి సరిపోతుంది. బ్రయన్‌కు అమ్మ సూపు పోసి పంపింది, బ్రెడ్డు అంచులు కూడా కోసి పెట్టింది. ఆలిసన్ తన బ్రెడ్డు మధ్యలోని మాంసం ముక్కను పైకి విసిరేసి, ఆ ఖాళీలో పంచదార పొడి, పొద్దున పాలలో వేసుకుని తినే తియ్యటి పలుకులు నింపి, పైనుంచి అదిమి కరకరలాడించుకుంటూ తింటుంది. బెండర్ దగ్గర ఏమీ లేదు. అతను పక్కవాళ్ళ క్యారేజీల మీద వేళాకోళాలు ఆడుతూ తిరుగుతాడు, ఆ వేళాకోళం మెల్లగా బ్రయన్ ఇంటి మీదికి, తర్వాత తన సొంత ఇంటి మీదికి మళ్ళి, తండ్రి చుట్టతో కాల్చిన మచ్చ చూపించేదాకా వెళ్తుంది. నవ్వుతూ మొదలైన ఆ దృశ్యం ఎక్కడ నవ్వు ఆపిందో మొదటిసారి చూసినప్పుడు నాకు తెలియనే లేదు. ఒక్కొక్కరి ఇల్లు ఎలాంటిదో డబ్బా మూతతో సహా చూపించిన తర్వాత ఇక ఎవరూ తమ గురించి ఉపన్యాసం ఇవ్వాల్సిన అవసరం ఉండదు. (ఉపన్యాసాలు తర్వాత ఎలాగూ వస్తాయి, కొన్ని అవసరానికి మించి పొడుగ్గానే వస్తాయి.)

ఇప్పుడు ఆ జవాబులేని ప్రశ్న. సాయంత్రానికి ఐదుగురూ నేల మీద గుండ్రంగా కూర్చుని, ఎందుకు శిక్ష పడిందో ఒక్కొక్కరూ నిజం చెప్పుకుంటారు. ఏడుస్తారు, నవ్వుతారు. అప్పుడు బ్రయన్ అడుగుతాడు: సోమవారం బడికి వచ్చాక మనం స్నేహితులమేనా? క్లేర్ దాపరికం లేకుండా కాదంటుంది. నడవలో తన గుంపుతో ఉన్నప్పుడు బ్రయన్ ఎదురైతే ఆండ్రూ పలకరించినా, బ్రయన్ పక్కకు వెళ్ళగానే అతని గురించి చులకనగానే మాట్లాడతాడని ఆండ్రూ ముఖం మీదే అంటుంది. మిగతావాళ్ళు ఆమె మీద విరుచుకుపడతారు, కానీ ఆమె చెప్పింది అబద్ధమని ఎవరూ నిరూపించలేరు. సినిమా ఆ శనివారం సాయంత్రమే ముగుస్తుంది. బెండర్ ఫుట్‌బాల్ మైదానం మీదుగా నడుస్తూ పిడికిలి ఎత్తగానే బొమ్మ ఆగిపోతుంది, తనను మరిచిపోవద్దని వేడుకునే సింపుల్ మైండ్స్ బృందం పాట వినిపిస్తుంది. ఆ పాట 1985 మేలో అమెరికా పాటల జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. సోమవారాన్ని మాత్రం హ్యూస్ చూపించలేదు, దాని కొనసాగింపుగా మరో సినిమా కూడా రాలేదు.

ధారావాహికకు ఆ వెసులుబాటు లేదు. దానికి సోమవారం తప్పదు. మొదటి సీజన్‌లో ‘డాసన్స్ క్రీక్’ మంగళవారం రాత్రుళ్ళు ప్రసారమయ్యేది, కాబట్టి దానికి ఆ సోమవారం ప్రతి మంగళవారం వచ్చేది. శనివారం లైబ్రరీలో అన్న మాటను పాత్రలు తర్వాతి వారం మోసుకుని తిరగాలి. ఈ తేడాను గుర్తుపెట్టుకుని ఎపిసోడ్‌ను మళ్ళీ చూడండి, దాని నిర్మాణమంతా దాని చుట్టూ అల్లుకుని ఉన్నట్టు కనిపిస్తుంది.

సినిమాలో ఐదుగురూ ఒకరికొకరు పరాయివాళ్ళు. పరాయివాళ్ళకు నిజం చెప్పడం తేలిక, రైలు ప్రయాణంలో ఎదుటి సీటువారికి మన ఇంటి గొడవలన్నీ చెప్పేసి, దిగాల్సిన స్టేషన్ రాగానే దిగిపోయినట్టు. ఎపిసోడ్‌లోని నలుగురు, డాసన్, జోయీ, పేసీ, జెన్, అప్పటికే ఒకరికొకరు బాగా తెలిసినవాళ్ళు. డాసన్, జోయీ చిన్నప్పటినుంచి కలిసి పెరిగినవాళ్ళు, పేసీ డాసన్‌కు ప్రాణమిత్రుడు, జెన్ డాసన్ ప్రేమిస్తున్న అమ్మాయి. జోయీ మనసులో డాసన్ ఉన్నాడని ప్రేక్షకులందరికీ తెలుసు, డాసన్‌కు తప్ప. ఇలాంటివాళ్ళను ఒక గదిలో పెట్టి తలుపు వేస్తే వాళ్ళకు కొత్తగా చెప్పుకోవడానికి ఏమీ ఉండదు, దాచుకోవడానికి మాత్రం బోలెడు ఉంటుంది. సినిమాలో మాట బయటికి వస్తే ఊరట, ఇక్కడ మాట బయటికి వస్తే ప్రమాదం.

అందుకే రచయితలు ఐదో కుర్చీలో ఆబీ మోర్గన్‌ను తెచ్చి కూర్చోబెట్టారు. మోనికా కీనా నటించిన ఈ పాత్ర మనకు మొదటిసారి కనిపించేది ఈ ఎపిసోడ్‌లోనే. సినిమాతో పోల్చి చూసేవారు ఆబీని బెండర్ స్థానంలో పెడతారు, ఎందుకంటే ఇద్దరూ పుల్లలు పెట్టేవాళ్ళే. కానీ బెండర్ ఇతరులను గుచ్చుతూ గుచ్చుతూ చివరికి తన గాయం తానే చూపించుకుంటాడు. ఆబీకి అలాంటి గాయం చూపించే ఉద్దేశం లేదు, ఆమెకు కావలసింది వినోదం. నిజమా సాహసమా అనే ఆటను ఆమె మొదలుపెట్టగానే కథ సినిమా దారి వదిలేస్తుంది. సినిమాలో గుండ్రంగా కూర్చున్నవారు తమంతట తాము నోరు విప్పారు. ఇక్కడ ఆట నియమం నోరు విప్పిస్తుంది, లేదా ముద్దు పెట్టిస్తుంది. పేసీ జెన్‌ను ముద్దు పెట్టుకోవాల్సి వస్తుంది, డాసన్ జోయీని ముద్దు పెట్టుకోవాల్సి వస్తుంది. ఆ రెండో ముద్దు తర్వాత కెమెరా ఎవరి ముఖం మీద ఉంటుందో గమనించండి. ఆట ముగిసిపోయినట్టు అందరూ నటిస్తారు, కానీ ముగియలేదని జోయీకి తెలుసు, మనకూ తెలుసు. చివర్లో ఆమె కన్నీళ్ళు పెట్టుకున్నప్పుడు చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వస్తుంది. సినిమాలోలాగా అందరూ తేలికపడి ఇళ్ళకు వెళ్ళే ముగింపు ఇక్కడ రాదు. వచ్చినప్పటికంటే ఎక్కువ బరువుతో బయటికి వెళ్తారు. సీజన్ ముగింపుదాకా నడిచే చిక్కుముడికి ఈ శనివారం మరో పేట కలిపింది.

ఇక మీ అమ్మాయికి అర్థంకాలేదని మీరు రాసిన ‘బాతుల సినిమాలు’ హాస్యం గురించి. తాము ‘ద బ్రేక్‌ఫస్ట్ క్లబ్’లో ఇరుక్కున్నట్టు ఉందని పాత్రలే మాట్లాడుకుంటాయి, అందులో నటించినవాళ్ళు ఇప్పుడేం చేస్తున్నారనే ప్రస్తావన వస్తుంది, ఎమిలియో ఎస్టెవెజ్ పేరు వస్తుంది. అప్పుడు పేసీ ఆ బాతుల సినిమాలు అద్భుతంగా ఉంటాయని తెగ మెచ్చుకుంటాడు. ‘ద మైటీ డక్స్’ అనేది 1992లో మొదలైన ఐస్ హాకీ సినిమాల వరుస, మొత్తం మూడు వచ్చాయి. అందులో కోచ్‌గా నటించింది ఎస్టెవెజ్. ఆ జట్టులో చార్లీ అనే కుర్రవాడిగా నటించింది ఎవరంటే జాషువా జాక్సన్, అంటే ఇక్కడ పేసీగా నటిస్తున్నవాడే. తాను నటించిన సినిమాలను తానే పొగుడుకుంటున్నాడన్నమాట. ఒక్క వాక్యంలో మూడు పొరలు: పాత సినిమా, ఆ సినిమా నటుడి తర్వాతి జీవితం, మన కళ్ళముందున్న నటుడి బాల్యం. ఇది తెలుగులోకి తేవడం ఎవరివల్లా కాదు. ఉపశీర్షిక రాసేవాడికి తెరమీద ఉండేది రెండు వరుసలే, వివరణకు చోటులేదు. తెలిసినవారు నవ్వుతారు, తెలియనివారు పేసీ వాగుడుకాయ కాబట్టి ఏదో అన్నాడని సరిపెట్టుకుంటారు. నిజానికి మంచి నివాళికి ఇదొక గీటురాయి: తెలియనివాడికి కథ కుంటుపడకూడదు.

కాపీ కొట్టేవాడు మూలం పేరు ఎత్తడు కదా అని కొందరు వాదిస్తారు, పేరు ఎత్తారు కాబట్టి ఇది నివాళి అంటారు. ఆ వాదన నాకు సరిపోదు. పేరు ఎత్తి కూడా కాపీ కొట్టవచ్చు, పేరు ఎత్తకుండా కూడా గొప్పగా గౌరవించవచ్చు. ఈ ధారావాహికలో పేరు ఎత్తడానికి వేరే కారణం ఉంది. దీన్ని సృష్టించిన కెవిన్ విలియమ్సన్ అంతకుముందు 1996లో ‘స్క్రీమ్’ రాసినవారు. భయానక చిత్రాల నియమాలన్నీ తెలిసిన పిల్లలు అలాంటి కథలోనే ఇరుక్కోవడం ఆ సినిమాలోని కిటుకు. ‘డాసన్స్ క్రీక్’ పిల్లలు కూడా అదే జాతి. కథానాయకుడు డాసన్ గది గోడలనిండా దర్శకుడు స్పీల్‌బర్గ్ సినిమాల పోస్టర్లు ఉంటాయి, మొదటి ఎపిసోడ్ మొదలయ్యేదే అతనూ జోయీ స్పీల్‌బర్గ్ సినిమా ‘ఈ.టి.’ చూస్తుండగా. సినిమాల్లో ఇలాగే జరుగుతుంది అని మాట్లాడుకుంటూ బతికే పిల్లలను శనివారం లైబ్రరీలో కూర్చోబెడితే ఆ సినిమా పేరు ఎత్తకపోవడమే అబద్ధమవుతుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేయండి. 1998లో పదిహేనేళ్ళున్న డాసన్‌కు ఆ సినిమా విడుదలైనప్పుడు రెండు మూడేళ్ళు ఉంటాయి. విలియమ్సన్ 1965లో పుట్టారు, ఆయనకు అప్పుడు ఇంచుమించు ఇరవై ఏళ్ళు. ఆ జ్ఞాపకం ఎవరిదో దీనివల్ల తెలుస్తుంది. క్యాసెట్లు అద్దెకు తెచ్చుకుని చూసిన పిల్లల నోట రచయిత తన యవ్వనాన్ని పలికిస్తున్నాడు. ఆ పిల్లలు తమ వయసుకు మించి మాట్లాడతారని ఈ ధారావాహిక మీద ఎప్పటినుంచో ఉన్న ఫిర్యాదుకు సగం కారణం ఇదే. నాకూ ఆ ఫిర్యాదు ఉంది, ముఖ్యంగా డాసన్ ప్రతి ముద్దుకూ ముందు వెనుకా వ్యాఖ్యానం చదివే పద్ధతి మీద.

అసలు ఎనభైల సినిమాలన్నీ ఉండగా టీవీ వాళ్ళు మళ్ళీమళ్ళీ ఈ ఒక్కదాని దగ్గరికే ఎందుకు వస్తారన్నది మీరు అడగలేదు, కానీ చెప్పదగినది. అందులో ప్రేమ ఎంత ఉందో పొదుపు కూడా అంతే ఉంది. సీజన్‌లో ఏదో ఒకచోట డబ్బు మిగుల్చుకోవడానికి, ఉన్న సెట్టులో ఉన్న నటులతోనే నడిపించే ఎపిసోడ్‌ను ఆ పరిశ్రమలో ‘బాటిల్ ఎపిసోడ్’ అంటారు. వానలో షూటింగ్ ఆగిపోవడం ఉండదు, అదనపు నటులు అక్కర్లేదు, ఒకే గదిలో లైట్లు ఒకసారి అమర్చుకుంటే సరిపోతుంది. పది లక్షల డాలర్లలో తీసిన ఒకే గది సినిమాకంటే దీనికి మంచి నమూనా ఏముంటుంది? పైగా ప్రతి హైస్కూల్ ధారావాహికకూ ఒక బడి సెట్టు ఎలాగూ ఉంటుంది. కెనడా ధారావాహిక ‘డెగ్రాసీ: ద నెక్స్ట్ జనరేషన్’ కూడా మూడో సీజన్‌లో ‘టేక్ ఆన్ మీ’ పేరుతో ఒక శనివారం శిక్ష ఎపిసోడ్ చేసింది. ఆ ధారావాహిక తొలి సీజన్లలో ఎపిసోడ్లకు ఎక్కువగా ఎనభైల పాటల పేర్లు పెట్టేవారు. పరస్పరం పడని షాన్, జిమ్మీలను అందులో ఒకే గదిలో కూర్చోబెట్టారు. జిమ్మీగా నటించిన ఆబ్రీ గ్రాహమ్‌ను తర్వాత లోకం డ్రేక్ అనే గాయకుడిగా ఎరిగింది. ఎపిసోడ్‌గా అది బాగానే ఉంటుంది, కానీ సినిమాతో వాదనకు దిగదు.

వాదనకు దిగినది అమెరికన్ హైస్కూల్ ధారావాహిక ‘రివర్‌డేల్’. 2018 నవంబర్‌లో, మూడో సీజన్ నాలుగో ఎపిసోడ్‌గా వచ్చిన ‘ద మిడ్‌నైట్ క్లబ్’ కథ పిల్లలది కాదు, వాళ్ళ తల్లిదండ్రులది. తొంభైల తొలినాళ్ళలో, అదే రివర్‌డేల్ హైస్కూల్లో శనివారం శిక్షలో కలిసిన తల్లిదండ్రుల యవ్వనాన్ని వాళ్ళ పిల్లలుగా నటించే నటులే ధరించారు. ఆర్చీగా నటించే కె.జె. ఆపా తండ్రి ఫ్రెడ్‌గా, బెట్టీగా నటించే లిలీ రైన్‌హార్ట్ తల్లి ఆలిస్‌గా, జగ్‌హెడ్‌గా నటించే కోల్ స్ప్రౌస్ తండ్రి ఎఫ్‌పీగా కనిపిస్తారు. ఆ బడి ప్రిన్సిపల్ ఫెదర్‌హెడ్‌గా నటించింది ఎవరనుకుంటున్నారు? ఆంథనీ మైకేల్ హాల్. ముప్పైమూడేళ్ళ కిందట అంచులు కోసిన బ్రెడ్డు తిన్న బ్రయన్, అందరి తరఫునా ఆ వ్యాసం రాసిన కుర్రవాడు, ఇప్పుడు పిల్లలకు శిక్ష వేసే కుర్చీలో కూర్చున్నాడు. పెద్దయ్యాక మనిషి గుండె చచ్చిపోతుందని సినిమాలో ఆలిసన్ అంటుంది. ఆ మాటను ఎక్కడా ఎత్తకుండా, కేవలం ఒక నటుణ్ణి ఎంచుకోవడంతో దాన్ని మన కళ్ళముందు పెట్టారు. నేను చూసిన ఇలాంటి ఎపిసోడ్లన్నింటిలో ఇంతకంటే చురుకైన ఎంపిక లేదు. క్లేర్‌గా నటించిన మాలీ రింగ్‌వాల్డ్ కూడా ఇదే ధారావాహికలో ఆర్చీ తల్లి మేరీ పాత్ర వేశారు.

సోమవారం ప్రశ్నకు ‘రివర్‌డేల్’ ఇచ్చిన జవాబు చాలా కఠినం. ఒకరికొకరు పొసగని ఆ పిల్లలు లైబ్రరీలో ఒక పాత్రధారణ ఆటను, అంటే తలా ఒక కల్పిత పాత్రగా మారి కథ నడిపించే ఆటను కనుగొని, దాని మోజులో పడి మిత్రులవుతారు. ఆట ఒక రాత్రి విషాదంగా ముగిసి, ప్రిన్సిపల్ ప్రాణం పోతుంది. ఆ సంగతి ఎన్నడూ ఎత్తకూడదని ఒట్టు వేసుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. అంటే క్లేర్ చెప్పింది నిజమైంది, కాకపోతే ఆమె ఊహించని కారణం వల్ల. ఆ ఆట కూడా గాలిలోంచి రాలేదు. 1974లో అమ్మకానికి వచ్చిన ఇలాంటి ఆటే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’, అది పిల్లలను దయ్యాల పూజకూ ఆత్మహత్యలకూ పురిగొల్పుతోందని ఎనభైల అమెరికాలో తల్లిదండ్రుల్లో పెద్ద అలజడి చెలరేగింది. ఆ భయం ఉత్తదని తర్వాత తేలింది. ఉత్త భయాన్ని కథలో నిజం చేసి చూపించడం ‘రివర్‌డేల్’ చేసిన తుంటరితనం. కథా కాలం తొంభైలు, పోకడలు ఎనభైలవి అన్న గందరగోళం ఉంది గానీ, ఆ ధారావాహికలో కాలం ఎప్పుడూ అలాగే కలగాపులగంగా ఉంటుంది కాబట్టి దాన్ని పెద్ద తప్పుగా ఎంచను.

సినిమా అభిమానిని కాబట్టి దాని మచ్చలు దాచి చెప్పడం న్యాయం కాదు, పైగా మీరు అమ్మాయితో కలిసి చూడబోతున్నారు. బెండర్ రోజంతా క్లేర్‌ను మాటలతో వేధిస్తాడు, ఒకచోట బల్ల కింద దాక్కున్నప్పుడు హద్దు మీరతాడు, అయినా చివర్లో ఆమె తన చెవికమ్మ అతని చేతిలో పెడుతుంది. ఆలిసన్‌కు ముఖాన రంగులు పూసి తలకు పట్టీ కట్టగానే ఆండ్రూకు ఆమె నచ్చుతుంది. 2018 ఏప్రిల్‌లో మాలీ రింగ్‌వాల్డ్ స్వయంగా ‘ద న్యూయార్కర్’లో ఈ విషయాల మీద ఒక వ్యాసం రాశారు. తన కూతురితో కలిసి ఆ సినిమా మళ్ళీ చూసినప్పుడు కలిగిన ఇబ్బందితో మొదలుపెట్టి, హ్యూస్ పట్ల తన కృతజ్ఞతనూ వదలకుండా, రెండింటినీ పక్కపక్కన ఉంచి రాసిన వ్యాసం అది. నివాళి ఎపిసోడ్లు చాలావరకు ఈ మచ్చల పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోతాయి. ‘డాసన్స్ క్రీక్’ కూడా అంతే, ముద్దులను ఆట నియమం కిందికి తెచ్చింది గానీ, ఆ నియమం ఎవరి ఇష్టాన్ని తొక్కేస్తోందని అడగలేదు.

మాట వచ్చింది కాబట్టి, ‘నివాళి’ అనే తెలుగు పదంతో నాకున్న పేచీ కూడా చెబుతాను. మన పత్రికల్లో ఆ మాట కనబడితే ఎవరో కాలం చేశారని అర్థం. 1998లో హ్యూస్ నిక్షేపంగా ఉన్నారు, ఆయన చనిపోయింది 2009లో. ‘అనుకరణ’ అంటే తక్కువ చేసినట్టు, ‘స్ఫూర్తి’ అంటే కాపీకి వేసిన ముసుగు అని మన సినిమా వార్తలు చదివేవారందరికీ తెలుసు. వేరే మాట దొరక్క నివాళితోనే నెట్టుకొస్తున్నాను. ‘డిటెన్షన్’తో ఇంకో ఇబ్బంది. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో డిటెయిన్ అయ్యాడంటే హాజరు చాలక ఏడాది పోగొట్టుకున్నాడని అర్థం, ‘నిర్బంధం’ అంటే పోలీసులు గుర్తొస్తారు. మన బడుల్లో శిక్ష అంటే బెంచీ ఎక్కించడం, గోడకుర్చీ వేయించడం, గుంజీలు తీయించడం. అన్నీ అక్కడికక్కడ, అందరి ముందూ అయిపోయేవి. సెలవురోజు పిలిపించి ఊరికే కూర్చోబెట్టడం మనకు శిక్షలా అనిపించదు. అందుకే ‘శనివారం శిక్ష’ అని రాయడం మొదలుపెట్టాను, వారం పేరు కలిపితేనే అందులోని బాధ తెలుస్తుంది.

మీ రెండో ప్రశ్నకు వస్తే, సినిమా ముందు చూడాల్సిన పనిలేదు. ఎపిసోడ్ ముందు, సినిమా తర్వాత, ఆ వెంటనే మళ్ళీ ఎపిసోడ్ చూడమంటాను, నలభై ఐదు నిమిషాలే కాబట్టి భారం కాదు. రెండోసారి చూసేటప్పుడు ఆబీ మీద కన్నేసి ఉంచండి. సినిమాకు అమెరికాలో పెద్దలు తోడుండాల్సిన ‘ఆర్’ రేటింగ్ ఇచ్చారు: బూతులు దండిగా ఉంటాయి, పిల్లలు గంజాయి తాగే దృశ్యం ఉంటుంది, స్వలింగ సంపర్కులను కించపరిచే తిట్టు కూడా వినిపిస్తుంది. మీ అమ్మాయి వయసు మీరు రాయలేదు, అది మీరే చూసుకోండి. సినిమా ఆరంభంలో బడి గోడలనూ నడవలనూ చూపించే ముక్కలు మాత్రం దాటవేయకండి. ఆ బడిలో చదివిన పాత విద్యార్థుల ఫొటోల్లో, ఒక ఏడాదికి మేటి విద్యార్థిగా నిలిచిన కుర్రవాడి ఫొటో ఒకటి ఉంటుంది. అది తర్వాత చీపురు పట్టుకుని వచ్చే కార్ల్‌దే. ‘రివర్‌డేల్’ ఎపిసోడ్ ఒక్కటే విడిగా చూసినా అర్థమవుతుంది, కానీ అది ఆ ఫొటో చూశాక చూడవలసినది.